చ గడి ఖాళీ

నా చిన్నప్పుడు నన్ను బడి మాన్పించింది మా అమ్మ కాదు, నాన్న కాదు, పేదరికం అంతకన్నా కాదు. చ అనే అక్షరం. మాస్టారు డిక్టేషన్ చెబుతూ "చెట్టు" అంటే నేను "సెట్టు" అని రాసేదాన్ని. ఆయన దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి నన్ను బెంచీ ఎక్కించేవారు. బెంచీ మీద నుంచి కిటికీలోకి చూస్తే ఆ సెట్టు నాకు బాగానే కనిపించేది. దానికి లేని బాధ మాస్టారికెందుకో అర్థమయ్యేది కాదు. ఐదో తరగతి సగంలో ఒకరోజు బెంచీ దిగి, నేరుగా మా తాతయ్య ప్రెస్సుకి వచ్చేశాను. ఎందుకొచ్చావని ఆయన అడగలేదు. స్టూలు చూపించాడు.

ఆమదాలవలసలో స్టేషను నుంచి బజారుకి పోయే దారిలో ఉండేది మా ప్రెస్సు. ప్రెస్సంటే ఒక గది, కాలితో తొక్కితే నడిచే మిషను, గోడ పొడుగునా చెక్క కేసులు. కేసు నిండా చిన్న చిన్న గళ్లు, గడికో అక్షరం. సీసంతో పోత పోసిన ఆ అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరుసగా పేర్చి, దారంతో కట్టి, సిరా పూసి అచ్చు వేయాలి. అవన్నీ తిరగేసి ఉంటాయి. బడిలో తిన్నగా ఉన్నవి రాయలేనిదాన్ని, ఇక్కడ తిరగేసి ఉన్నవాటిని నెల తిరక్కుండానే గడగడా చదివేశాను. "నీ బుర్రా అలాగే ఉన్నాది కదే, అందుకే" అనేవాడు తాతయ్య.

ఆ ఏడాదే మా బజారులో కొత్త ప్రెస్సు ఒకటి వెలిసింది. కరెంటు మిషను, రంగు కాగితం, రెండు రంగుల సిరా. మేము రెండు రోజులు తీసుకునే కరపత్రాన్ని వాళ్లు పూటలో చేతిలో పెట్టేవారు. మా ఖాతాదారులు ఒక్కొక్కరే అటు నడిచారు. మాకు మిగిలినవి శుభలేఖలు, అవీ ముహూర్తాలున్నంతవరకే. ముహూర్తాలు లేని నెలల్లో మా పొయ్యి వెలిగేది చీరల కొట్టు షావుకారు కరపత్రాల మీదే. ఆ షావుకారు కూడా ఒకరోజు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి మాట చెప్పేశారు. వచ్చే సంతలో పంచే కరపత్రం ఈసారికి మీరే వెయ్యండి, జనం రాకపోతే పైసారి నుంచి కొత్త ప్రెస్సుకే ఇస్తాను, ఏమీ అనుకోవద్దు అని. ఆయన వెళ్లాక తాతయ్య మిషనుకి నూనె వేస్తూ, "దీన్ని పాత ఇనుముకి అమ్మితే ఏటొస్తాదే?" అన్నాడు. వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు తాతయ్య కాగితం కొనడానికి విజయనగరం రైలెక్కుతూ, షావుకారు రాసిచ్చిన చీటీ నా చేతిలో పెట్టాడు. నువ్వు పేర్చి ఉంచు, సాయంత్రం వచ్చి దిద్దుతాను అన్నాడు. చీటీలో ఉన్నదెంత? "చక్కని చీరలు, చవక ధరలు. ఒక్కసారి చూడండి, నలుగురికీ చెప్పండి." అంతే. తీరా చేయి పెడితే చ గడి ఖాళీ. పక్కన చి, చీ, చూ, చె గళ్లూ ఖాళీయే. మాకు అసలే చ లు తక్కువ, పైగా పెళ్లిళ్ల రోజులు. శుభలేఖంటేనే చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, విచ్చేసి, చందన తాంబూలాలు. మా ప్రెస్సు చ లన్నీ వెళ్లి పెళ్లిపీటల మీద కూర్చున్నాయి. దారం కట్టి ఉంచిన శుభలేఖల జోలికి పోకూడదని తాతయ్య ఆజ్ఞ. నేను ఎక్కువ ఆలోచించలేదు. స గళ్లు నిండుగా ఉన్నాయి, ఏరి పేర్చేశాను. "సక్కని సీరలు, సవక ధరలు. ఒక్కసారి సూడండి, నలుగురికీ సెప్పండి." చదువుకుంటే ఎక్కడా తప్పు కనిపించలేదు. మా ఇంటిల్లిపాదీ అనేది అలాగే కదా!

సాయంత్రం తాతయ్య, నేను నమూనాకి అచ్చు తీసి ఉంచిన కాగితం మీద స ల వెంట వేలు పెట్టుకుంటూ పోయాడు. అప్పుడు తట్టింది నాకు ఏం చేశానో. బెంచీ లేదు కాబట్టి స్టూలు ఎక్కాలేమోనని దానివైపు చూశాను. ఆయన మాత్రం కాగితాన్ని పైకి చదివాడు. మళ్లీ చదివాడు. "ఇది ఎవలి గొంతే?" అన్నాడు. నాదేనన్నాను భయంగా. "నీది కాదే, షావుకారుది. పద."

చీరల కొట్టు ఎదుట టీ బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. తాతయ్య టీ తాగుతున్నాడే గానీ చెవులు అవతలున్నాయి. షావుకారు చీటీ రాస్తే ఒక మనిషి, నోరు విప్పితే ఇంకో మనిషి. దారినపోయే ఆడవాళ్లను పిలుస్తున్నారు. "రాయే అప్పా, రా! కొనకపోతే కొట్టన్లే. ముట్టుకుని సూడు. మీ ఆయన్ని అడుగుతావేటి, సీర కట్టేది ఆయనా?" వాళ్లు పడీపడీ నవ్వేవారు, నవ్వుతూనే గడప దాటేవారు. తాతయ్య ఆ మాటలు పెదవులతోనే ఒకసారి అనుకుని లేచాడు. ప్రెస్సుకి రాగానే చవక ధరల ముక్క పీకేసి, షావుకారు పిలుపును ఉన్నదున్నట్టు పేర్చాడు. కావాలంటే ఒక శుభలేఖ విప్పి చ లు తీసుకోవచ్చు. విప్పలేదు.

అచ్చయిన కాగితం చూసి షావుకారు మండిపడ్డారు.

"ఏటి మావా ఇది? నన్ను సంతలో నవ్వులపాలు సేస్తావా?"

"నవ్వాలంటే ముందు సదవాలి కదా షావుకారూ. పోయిన సంతలో కొత్త ప్రెస్సోళ్ల రంగు కాగితం ఎవలు సదివారు? బజ్జీలు సుట్టుకున్నారు."

గొణుక్కుంటూనే తీసుకున్నారాయన. సంతలో పంచింది నేనే. చదవడం వచ్చినవాడు ఒకడు పైకి చదివితే, రానివాళ్లు పదిమంది చుట్టూ చేరేవారు. "ఓలమ్మా, షావుకారు కాయితంలోంచి అరుస్తన్నాడే!" అని ఎవరో అన్నారు. ఒక ముసలమ్మ కాగితం పట్టుకుని నేరుగా కొట్లోకి నడిచింది. "ముట్టుకోమన్నావు కదా, ముట్టుకోడానికే వచ్చాను. కొనను" అని ముందే చెప్పి, రెండు చీరలు చంకన పెట్టుకుని బయటికొచ్చింది. పొద్దు గూకే వేళకి, ఉగాది కరపత్రం కూడా మీరే వెయ్యండని షావుకారు కబురు పంపారు. తాతయ్య ఇక మిషను అమ్మకం మాట ఎత్తలేదు.

కొత్త ప్రెస్సువాళ్లు ఊరుకుంటారా? కిటుకు తెలిసిపోయిందనుకుని, ఎవరిదో శుభలేఖ కూడా స లతోనే వేసిచ్చారు. పెళ్లికూతురి తండ్రి దాన్ని పట్టుకుని మా దగ్గరికి ఊగిపోతూ వచ్చాడు. "సిరంజీవంట! నా కూతురు సిరంజీవంట! పరువు తీసేశారు బాబూ" అని. తమాషా ఏమిటంటే, ఆయన చిరంజీవి అనాలనుకున్నప్పుడు కూడా సిరంజీవి అనే అన్నాడు. నాకు నవ్వాగలేదు. తాతయ్య నా నెత్తిన ఒక్కటిచ్చి, ఆయనకి చక్కగా చ లు పెట్టి వేసిచ్చాడు. ఆయన వెళ్లాక అన్నాడు: "ఇంట్లో కట్టే సీర ఏరు, పెళ్లికి కట్టే సీర ఏరు. ఎవలికి ఎప్పుడు ఏది కావాలో ఇనాలే. రంగులు కొనుక్కుంటే వస్తాయి. ఇనడం రాదు."

తర్వాత మా ప్రెస్సు వెలిగిపోయి మేడ కట్టామనుకునేరు. కట్టలేదు. తాతయ్య ఉన్నన్నాళ్లూ అదే గది, అదే మిషను. బతికాం, తలెత్తుకుని బతికాం, అంతే. ఆ మిషనూ చివరికి పాత ఇనుముకే పోయింది, కాకపోతే ఆయన పోయిన చాన్నాళ్లకి. ఎదుటివాడు పెద్దవాడైతే మనమూ పెద్దవాళ్లమైపోవాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. వాడు వినని మాట ఏదైనా ఉందా అని మాత్రం వెతికేవాడు.

ఇప్పుడు అదే గదిలో మా మనవరాలు కంప్యూటరు పెట్టి ఫ్లెక్సీలు, లేబుళ్లు వేస్తుంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లను ఆటపట్టిస్తుంటాను. పోటీ ఇప్పుడు ఎదుటి ప్రెస్సుతో కాదు, ఎవరి జేబులోని ఫోను వాళ్లకి మాటలు రాసిపెడుతుంది. మొన్న పాతపట్నం నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇంట్లో పచ్చళ్లు పెట్టి సీసాల్లో అమ్ముతుందట. లేబులు మీద వెయ్యమని ఫోను చూపించింది: "సంప్రదాయ రుచుల సమ్మేళనం". ఇది ఏ సీసాకైనా అతుకుతాది, నీ సీసా ఏదో ఎలా తెలుస్తాదమ్మా అన్నాను. నోటితో అనిపించకుండా ఒక్క ముక్క కూడా అచ్చుకి పంపను నేను. ఆ ఒక్కటీ తాతయ్య దగ్గర నేర్చుకుని ఇప్పటికీ వదలని పని. "కొనడానికొచ్చినోళ్లతో నువ్వేటంటావు?" అని అడిగాను.

ఆ అమ్మాయి సిగ్గుపడిపోయింది. "ఏటంటానండీ... ముందు నాకి సూడండి, బాగోకపోతే మీ అత్తకి పెట్టండి అంటాను."

అదే కొట్టమన్నాను. మనవరాలు నవ్వుతూ కొట్టింది. సూడండి అన్న మాట కింద కంప్యూటరు టక్కున ఒక ఎర్ర గీత గీసింది. "తప్పంటోంది నానమ్మా, దిద్దేయనా?" అంది పిల్ల.

ఆ గీతని చూడగానే మా మాస్టారు కళ్ల ముందు నిలబడ్డారు. వద్దన్నాను. అలాగే వేయించాను. ఈసారి బెంచీ ఎక్కలేదు.