టార్చి మీద పెట్టిన మీసం

మా చిన్నాయన మామిడి వ్యాపారి. చిత్తూరు చుట్టుపక్కల తోటలు పూతకు రాగానే వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగి, ఏ చెట్టు ఎంత కాస్తుందో చెప్పేసేవాడు. పిందె కూడా పడని తోటను అలా పూత మీదే కొనేయడం మా వైపు మామూలే. చిక్కల్లా ఆయన అలవాటు తోట గేటు దగ్గర ఆగకపోవడమే. కొత్త అల్లుణ్ణి చూసినా, కొత్త బస్సును చూసినా రేపటి కాపు ఇవాళే చెప్పాలి.

ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమైన కొత్తలో, ఒక ఆదివారం పేపర్లో ఇంకా మార్కెట్లోకి రాని ఫోను బొమ్మ పడింది. ఎవరో చాటుగా తీసినట్టు మసకగా ఉంది. అందులో ఏమేం ఉంటాయో కంపెనీ చెప్పడం లేదనీ, ఎండాకాలంలో వస్తుందనీ రాశారు. చిన్నాయన దాన్ని కత్తిరించి, అన్నం మెతుకులతో హాల్లో క్యాలెండరు పక్కన అంటించాడు. కొన్నాళ్ళకు ఇద్దరు వ్యాపారులు కాఫీకి వస్తే, వాళ్ళను ఆ బొమ్మ ముందుకు తీసుకెళ్ళి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పొట్ట సూడప్పా, ఎట్ల ఉబ్బినాదో. బ్యాటరీ బాగా లావు. పైన ఈ నల్ల సుక్క ఉండాదే, ఇది టార్చి."

నేనప్పుడు తిరుపతిలో కంప్యూటర్ కోర్సు చదువుతూ ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. నాకు తెలియని విషయం ఈ లోకంలో లేదని గట్టి నమ్మకంతో ఉన్న రోజులవి.

"ఫోన్లో టార్చి యాడన్నా పెడ్తారా చిన్నాయనా? అది ఇన్‌ఫ్రారెడ్. ఈ ఫోన్లో పాటను తీగ లేకుండా ఇంకో ఫోన్లోకి పంపే కిటికీ."

"తోట కాసేటోడికి పాటలెందుకు పాపా? కాళ్ళ కింద పాము కనపడల్ల గాని."

వ్యాపారులు నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఎక్కువగానే. చిన్నాయన ముఖం ఎర్రబడింది. కుడిచేయి మీసం మీదికి పోయింది.

"టార్చి లేకపోతే ఈ మీసం తీసేస్తా!"

ఆ మీసం మామూలుది కాదు. మండీలో సగం బేరాలు దాన్ని దువ్వుతూనే ముగిసేవి. దాని కింద పెదవి ఎలా ఉంటుందో మా చిన్నమ్మ కూడా చూసి ఎరగదు. ఆమె గరిటె పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "నిజ్జంగానా?" అంది. ఆ గొంతులో భయం లేదు. ఆశ ఉంది.

మూలన నులకమంచం మీద నిద్రపోతున్నాడనుకున్న మా తాత లేచి కూర్చున్నాడు.

"రేయ్, నేనింకా ఉండాను గదరా."

అప్పుడు తట్టింది అందరికీ. తండ్రి బతికుండగా మా ఇళ్ళలో మగవాళ్ళు మీసం తీయరు. కొండ మీద గుండు చేయించుకునేటప్పుడు కూడా "నాయన ఉండాడా?" అని అడిగి, ఉన్నాడంటే మీసం వదిలేస్తారు. అది పోయేది తండ్రి పోయిన రోజే. చిన్నాయన నాలుక కరుచుకున్నాడు. కానీ ఇద్దరు వ్యాపారుల ముందు అన్న మాట, సాయంత్రానికల్లా మండీ అంతా తెలిసిపోతుంది. వెనక్కి తీసుకుంటే మరుసటి రోజు నుంచి ఆయన బేరాన్ని ఎవరూ లెక్కచేయరు. నేను ఓడిపోతే ఏమిస్తానో మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఆ రోజు నుంచి ఆ ఫోన్లో టార్చి ఉండాలని కోరుకునేవాళ్ళలో మా తాతను మించినవాడు లేడు. తన ప్రాణం దానికే వేలాడుతోందని ఆయన లెక్క. పొద్దున్నే కళ్ళద్దాలు తుడుచుకుని బొమ్మ ముందు నిలబడి ఆ చుక్కను చూసుకునేవాడు. కోర్టు దగ్గర కనబడిన వకీలును ఆపి, "టార్చి ఉంటాదంటావా అప్పా?" అని అడిగాడట. రేణిగుంటలో గోడౌన్లో పని చేసే బంధువుకు ఫోన్ చేసి, కొత్త ఫోన్లు దిగాయేమో, ఒక డబ్బా ఊపి చూడమన్నాడు. అది ఎరువుల గోడౌను.

నేను ఊరుకుంటానా? వచ్చిన ప్రతిసారీ, "టార్చి తీసేసినారంట తాతా, బరువెక్కువైందంట" అనేదాన్ని. ఆయన కంచం పక్కకు జరిపేవాడు. "లేదులే, మళ్ళీ పెట్టినారంట" అంటే మళ్ళీ దగ్గరికి లాక్కునేవాడు. ఆ జరపడం చూడ్డానికే సగం నేను ఇంటికి వచ్చేదాన్ని.

ఫోను మార్కెట్లోకి వచ్చిన రోజే కొనుక్కురమ్మని చిన్నాయన ముందే డబ్బిచ్చి పెట్టాడు. తిరుపతిలో కొన్నాను. షాపువాడు అన్నీ నొక్కి చూపించాడు. బస్సు పూతలపట్టు దాటినప్పటి నుంచి ఏడుపు ముఖం పెట్టడం సాధన చేస్తూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి ఆ ఇద్దరు వ్యాపారులూ హాల్లో కూర్చుని ఉన్నారు. ఆ ఏడుపు ముఖంతోనే ఫోను తాత చేతిలో పెట్టాను.

ఆయన ముందు చుక్క కోసం వెతికాడు. బొటనవేలితో తడిమాడు. తిప్పి చూశాడు. గోడ మీది బొమ్మను చూసి మళ్ళీ ఫోనును చూశాడు.

"సుక్క లేదే," అన్నాడు.

చిన్నాయన మీసాన్ని దువ్వడం మానేసి అరచేత్తో మూసి పట్టుకున్నాడు. ఇంతలో చిన్నమ్మ గోడ దగ్గరికి వెళ్ళి, వేలు తడి చేసుకుని బొమ్మ మీది చుక్కను రుద్దింది. చుక్క ఊడి వేలికి వచ్చింది.

"అయ్యో, ఇది ఈగ పెట్టిన రెట్ట! దీనికేనా మీరిన్ని దినాలు కొట్టుకున్నింది?"

ఎవరూ నవ్వలేదు. తాత కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ ఫోను తడుముతున్నాడు. ఇంకాసేపు ఆడిద్దామనే అనుకున్నాను గానీ, ఆ ముఖం చూస్తే నావల్ల కాలేదు. ఆయన చేతిలో ఉండగానే మీట నొక్కి పట్టాను. ఫోను నెత్తిన వెలుగు వచ్చి నేరుగా చిన్నాయన మీసం మీద పడింది.

హాలంతా గోల. ఆ గోలలోనే నేను తగాదా వేసుకున్నాను. చుక్క ఈగది కాబట్టి చిన్నాయన లెక్క తప్పినట్టేనని వాదించాను. తాత ఒప్పుకోలేదు.

"పూత ఏ కొమ్మనుంటే నీకేంది? కాయ కాసిందా లేదా? గమ్మునుండు."

మీసం నిలిచింది. ఫోను మాత్రం తాతది అయిపోయింది. దాంట్లో ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సాయంత్రం కరెంటు పోగానే మంచం మీంచి చిన్నాయన ముఖం మీదికి టార్చి వేసి, "ఉండాదిరా" అని ఆర్పేసేవాడు. అన్నది మీసం సంగతో, తన ప్రాణం సంగతో మేము అడగలేదు. చిన్నాయన ఏ పనిలో ఉన్నా ముఖం అటు తిప్పి చూపించేవాడు.

ఫోను మీద అంకెలు అరిగిపోయాక, ఒక మామిడికాయల కాలంలో తాత పోయాడు. ఆ రోజు క్షవరం చేసే ఆయన "నాయన ఉండాడా?" అని అడగలేదు. చిన్నాయన తిరిగొచ్చినప్పుడు చిన్నమ్మ ఆయన ముఖం వైపు చూడకుండా నీళ్ళచెంబు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"సూడు పాపా. సూడల్లని ఎంత ఆశ పడినావో."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ బోడి పెదవి కోసమా నేను అన్ని ఆదివారాలు ఆ ముసలాయన చేత కంచం జరిపించింది అని ఏడుపొచ్చింది.

మాపటేళ కరెంటు పోయింది. చిన్నాయన మాట్లాడుతున్న మాట ఆపి, ముఖం తాత మంచం వైపు తిప్పాడు.