వాసుకి కనబడిన గేమ్

నిన్న పొద్దున్నే ఫోన్. వాసు లేడట.

నమ్మలేదు. జ్వరం తగ్గింది, రేపు డిశ్చార్జ్ అని మొన్ననే మెసేజ్ పెట్టాడు. ఫోన్ చేసినవాళ్ళనే గట్టిగా కసిరాను.

నిజమే.

రాజాంలో వాళ్ళ నాన్నగారి బట్టల కొట్టు మీకు తెలుసు. చీరల బేరం మధ్యలో కూడా గేమ్స్ గురించే మాట్లాడే మనిషి మీకు తెలుసు. వాడికి రేచీకటి అని మాత్రం చాలాకాలం నాకు తప్ప మన ఆన్‌లైన్ గేమ్స్ గ్రూప్‌లో ఎవరికీ తెలియదు.

పొద్దు గూకితే బండి తీసేవాడు కాదు. అడిగితే నాన్న తిడతాడనేవాడు. పాపం ఆయన ఎవరినీ తిట్టి ఎరగరు.

మనందరం ప్రాణం పెట్టిన ఆ పాడుబడ్డ కోట గేమ్ గుర్తుందా? మొదటి పార్ట్. స్క్రీన్ అంతా చీకటే. అదే దాని అందం అనేవాళ్ళం.

వాడి చేతిలో మౌస్, పక్క కుర్చీలో నేను. ఎడమ పక్క మెట్లున్నాయి, కుడి పక్క ఒకడున్నాడు అని నేను చెప్పాలి, వాడు ఆడాలి. అలాగే పూర్తి చేశాం. కానీ ఆ కోట ఎలా ఉంటుందో వాడు సరిగ్గా చూడనే లేదు.

తర్వాత సీక్వెల్ ట్రైలర్ వచ్చింది. రంగులు, లావుపాటి నల్ల గీతలు, బోలెడంత వెలుతురు. మన గ్రూప్ భగ్గుమంది. చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలా తగలేశారన్నారు. మన అడ్మిన్, ఎచ్చెర్ల సంతోష్, పాత స్టైలే కావాలని పిటిషన్ మొదలుపెట్టాడు. బయట ఫ్యాన్స్‌ది కూడా అదే గోల.

వాసు ఒక్కడే అడ్డం తిరిగాడు. రోజూ సంతోష్‌తో కామెంట్ల యుద్ధం. టేస్ట్ లేనివాడు అనిపించుకున్నాడు.

ఎందుకురా ఈ తిట్లు తినడం అంటే, కొట్లో గుడ్డ తాను చుడుతూ తల ఎత్తకుండా చెప్పాడు.

"మావా, ఆ కోట తలుపులు నాకు కనబడతన్నాయిరా. ఈళ్ళ మాటిని మార్సెస్తే నాకింకేటుంటాది?"

మర్నాడు ఆ మాటే గ్రూప్‌లో పెట్టేశాడు. కంటి సంగతితో సహా. అప్పుడు వాడికి సంబంధాలు చూస్తున్నారు, బయట చెప్పొద్దని ఇంట్లో అన్నారు. అయినా పెట్టాడు. వాళ్ళమ్మ చేత చీవాట్లు తిన్నాడు.

కామెంట్లు ఆగిపోయాయి. సాయంత్రానికి సంతోష్ పిటిషన్ తీసేశాడు. సారీ మాత్రం చెప్పలేదు.

కంపెనీ ఆ కొత్త స్టైల్ మార్చలేదు. మన వల్ల కాదులెండి, మనల్ని అడిగిందెవరు.

గేమ్ వచ్చిన రోజు నన్ను పిలిచాడు. అలవాటు కొద్దీ "ఎడమ పక్క..." అన్నాను.

"కనబడతన్నాది లేరా. నువ్వు జంతికలు తిను."

అంత సంతోషంగా వాణ్ణి ఎప్పుడూ చూడలేదు. జంతికలు కారంగా ఉన్నాయని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను.

నిన్న సాయంత్రం, అన్నీ అయిపోయి మూసిన కొట్టు ముందు కూర్చున్నాం. ఎచ్చెర్ల నుంచి బస్సులో సంతోష్ వచ్చాడు. వాసుని వాడు ఒక్కసారైనా కలవలేదు. వాసు నాన్నగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏ ఊరు బాబూ? మావోడికి ఏటవుతావు?" అని అడిగారాయన.

"మీవోడితో రోజూ దెబ్బలాడీవోడ్నండి" అన్నాడు. ఆయనే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

వెళ్ళిరా వాసూ. నీ మీద కోపం ఉన్నవాడు ఇక్కడ ఒక్కడూ మిగల్లేదు. ఎక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలిరా.