ఏడో నంబరు డబ్బా

నాకు కోపం ఎక్కువ. మా నాన్నకు సంగారెడ్డిలో కిరాణా దుకాణం. నన్ను గల్లా మీద కూర్చోబెడితే గిరాకీలందరినీ వెళ్లగొడతానని భయపడి, బీఎస్సీ చదివించి కంపెనీకి తోలేశాడని ఇంట్లో ఇప్పటికీ అంటారు. బొల్లారంలో ఒక మందుల కంపెనీ. క్వాలిటీ డిపార్టుమెంటులో నా ఉద్యోగం. పొద్దున్నే బట్టలు మార్చుకునే గది ముందు రిజిస్టరు పట్టుకుని నిలబడి, ప్యాకింగుకు వచ్చే నలభై మంది ఆడవాళ్లను ఒక్కొక్కరినీ అడగాలి. జ్వరం? దగ్గు? పుండ్లు? దురద? వాళ్లు "లేదు మేడం" అంటారు, నేను "లేదు" అని రాస్తాను. ఉందని ఎవరూ అనరు. అంటే ఆ రోజు లోపలికి రానివ్వం. తగ్గిందని డాక్టరు కాగితం తెచ్చేసరికి ఆమె స్టూలు మీద ఇంకొకరు కూర్చుని ఉంటారు.

రవళి కూడా రెండేళ్లుగా "లేదు" అనే చెప్పింది.

చిట్కుల్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఇరవై ఆరేళ్లు, సన్నటి మనిషి, చేతులు మహా చురుకు. మేం ఏడో నంబరు అని పిలిచే మందు ఆమె వరుసలో వచ్చేది. మాత్రల పట్టీ, ఒక ప్లాస్టిక్ గొట్టం, మడత కాగితం డబ్బాలో పెట్టి మూత వేయాలి. మూత వేశాక మూలన బొటనవేలితో ఒక నొక్కు నొక్కుతుంది, అక్కడ చిన్న సొట్ట పడుతుంది. ఎన్నిసార్లు తిట్టానో! ఆ అలవాటు పోతేగా.

ఆ శుక్రవారం ఆడిట్ ఉంది, బయటివాళ్లు వచ్చి మా పనిని తనిఖీ చేస్తారు. అది సవ్యంగా జరిగితే ఆరుగురు కాంట్రాక్టు ఆడవాళ్లను పర్మనెంట్ చేస్తారు. ఆ ఆరుగురిలో రవళి పేరుంది. ఆమె భర్త జైపాల్ పనిచేసే ఫ్యాక్టరీ షెడ్డు మూతబడి నాలుగు నెలలైంది. ఇల్లు ఈమె రెక్కల మీదే నడుస్తోంది. పేరు కొట్టేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు.

సోమవారం సూపర్‌వైజర్ దశరథ్ నాకు ఫోన్ చేశాడు. కెమెరాలో చూస్తున్నాడట.

"మేడం, గా రవళికి ఏమైంది? స్టూలు మీద కుదురుగ కూసుంటలేదు. ఆడిట్ వాళ్ల ముంగట గూడ గిట్లనే ఊగుతదా ఏంది?"

వెళ్లి అద్దం ఇవతల నుంచి చూశాను. మెడ నుంచి మడమల దాకా తెల్ల సూటు, కళ్లు మాత్రమే బయటికి. కాలు మీద కాలు వేస్తుంది, తీస్తుంది. స్టూలు అంచుకు జరుగుతుంది, లేస్తుంది, కూర్చుంటుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. అద్దం మీద కొట్టి వేలు చూపించాను. రెండు నిమిషాలు కదలకుండా కూర్చుని, మళ్లీ మొదలుపెట్టింది. బాత్రూముకి వెళ్లిరావచ్చు కదా అనుకున్నాను. వెళ్లాలంటే సూటంతా విప్పాలి, చేతులు కడగాలి, కొత్త సూటు తొడగాలి, ఆలస్యమెందుకైందో దశరథ్‌కి చెప్పాలి. అందుకే మా ఆడవాళ్లు షిఫ్టు అయిపోయేదాకా మంచినీళ్లే తాగరు.

మంగళవారం క్యాంటీన్లో, ప్యాకింగులోనే పనిచేసే మొగులమ్మ రవళి చెవిలో అంటోంది, "వేడి చేసింది బిడ్డా, సబ్జా గింజలు నానేసుకొని తాగు." ఏం వేడి, ఎక్కడ వేడి అని నేను అడగలేదు. అర్థమైంది కాబట్టే అడగలేదు.

బుధవారం పొద్దున రిజిస్టరు దగ్గర "దురద?" అన్నాను.

"లేదు మేడం."

కళ్ల నిండా నీళ్లు. కాళ్లు ఎడంగా వేసి నడుస్తోంది. చెయ్యి పట్టుకుని సూట్లు పెట్టే గదిలోకి లాక్కెళ్లి గడియ పెట్టాను.

"నిజం చెప్పు రవళీ."

"ఏం చెప్పాలె మేడం? చెప్తే మీరు రాస్తరు గద."

రిజిస్టరు బల్ల మీద బోర్లా పెట్టాను. అప్పుడు చెప్పింది, గోడ వైపు తిరిగి.

"నెల నెలా డేటుకు నాలుగొద్దుల ముందు మొదలైతది. కింద. కూసోనియ్యదు, నిలవడనియ్యదు. పెరుగు విరిగినట్లు తెల్లగ పోతది. డేట్ రాంగనే తగ్గుతది. ఈసారి ఆడిట్‌కే వచ్చె. నిన్న మిషన్లు తుడిచే గులాబి మందు సీసాల పట్టుకపోయి కడుక్కున్న. ఇగ సూడుండ్రి మేడం, నిప్పులు పోసినట్లున్నది."

"గా మందుతోనా! నీకేమన్న పిచ్చా?"

"దాంతోని తుడిస్తే ఒక్క క్రిమి గూడ బతకదని ట్రైనింగుల మీరే చెప్పిండ్రు గద."

అవును, నేనే చెప్పాను.

హాఫ్ డే రాసి, నా స్కూటీ మీద బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ లక్ష్మీనరసమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఇది బూజు లాంటిది, ఆడోళ్లలో మస్తు మందికి వస్తది. మామూలుగ అది లోపల కొంచెం ఉంటనే ఉంటది. డేటుకు ముందు వారం ఒంట్ల హార్మోన్లు మారుతయి, అప్పుడు చెలరేగుతది. దానికి తోడు మీ సూటు, చెమట, నైలాన్ బట్టలు. నువ్వు పోసుకున్న మందు మంచి క్రిములను గూడ సంపింది, తోలునూ కాల్చింది. ఇగ మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టియ్యకు, సబ్బు గూడ వద్దు. నూలు బట్టలు ఏసుకో, తడివి ఉంచుకోకు. మంట ఒక్కరోజు చల్లారనిచ్చి, మూడు రాత్రులు ఈ గోలీ లోపల పెట్టుకో. షుగర్ గూడ చూపించుకో. మళ్ల వచ్చినా, వాసన వచ్చినా, పుండ్లు లేచినా ఇక్కడికి రా. చెవుల్ల చెప్పేటోళ్ల దగ్గరికి పోకు."

"నాది చెడ్డ రోగమేం కాదు గద డాక్టరమ్మా?" అంది రవళి.

"నీళ్లు తాగకుండ పనిజేసుడే చెడ్డ రోగం."

పనికి అడ్డం లేదని కాగితం కూడా రాసిచ్చింది. మందుల దుకాణంలో నేను చీటీ ఇచ్చాను. దుకాణంవాడు డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. రవళి దాన్ని తీసుకోలేదు. మూత మూల మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. అక్కడ చిన్న సొట్ట ఉంది.

"మేడం, గిది నేను మూసిన డబ్బా."

"ఊఁ."

"రెండేండ్ల సంది దినాం గిదే పట్టుకొని కూసున్న. మొగులమ్మ ఇవి బర్రెల గోలీలనుకుంటది. గీ గొట్టం దేనికో ఎవ్వరికీ ఎరుక లేదు. మీకెరుకేనా?"

"ఎరుకే."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతిరి."

దశరథ్ పక్కన నిలబడి ఉండేవాడు, అందుకని ట్రైనింగులో "ఏడో నంబరు" అని దాటేశాను. అది దేనికి మందో ఆ మాట పైకి అనలేకపోయాను. కోపిష్టిదాన్నని పేరు పెట్టుకుని తిరిగే నాకు, ఇంత చిన్న మాట అనడానికి ధైర్యం లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

శుక్రవారం ఆడిట్ వాళ్లు ఇంకా రాలేదు. గది ముందు నలభై మంది. దశరథ్ కూడా ఉన్నాడు. రిజిస్టరు తెరవకముందు ఏడో నంబరు డబ్బా పైకెత్తి, అది ఆడవాళ్లకు కింద వచ్చే దురదకు మందని, గొట్టంతో గోలీ లోపల పెట్టుకోవాలని, గులాబి మందు ఎందుకు వాడకూడదో గట్టిగా చెప్పాను. దశరథ్ పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. చూడనీ!

తర్వాత మామూలుగా మొదలుపెట్టాను. రవళి వంతు వచ్చింది.

"దురద?"

పర్మనెంట్ ఉద్యోగం ఆ ఒక్క మాట మీద ఉంది.

"ఉన్నది మేడం. మందు మొదలువెట్టిన. కాయితం తెచ్చిన."

"ఉంది" అని రాసి, కాగితం గుచ్చి, లోపలికి పంపాను. వెనక నుంచి మొగులమ్మ, "నాకు గూడ రాయుండ్రి మేడం, పదేండ్ల సంది ఉన్నది," అంది. మొత్తం పదకొండు మంది. ఎవరినీ వెనక్కి పంపలేదు. వాళ్లందరినీ దవాఖానాకు పంపిస్తానని రిజిస్టరులో రాసి నా సంతకం పెట్టాను. మేనేజరు పిలిచి, ఆడిట్ రోజే దొరికిందా అని గంటసేపు కేకలేశాడు. ఆడిటరమ్మ మాత్రం ఆ పేజీ రెండుసార్లు చదివి, ఇంతకుముందు పేజీల్లో అన్నీ "లేదు" అని ఎందుకున్నాయని నన్నే అడిగింది.

జాబితాలో రవళి పేరు మిగిలింది. నాకు మెమో వచ్చింది.

మరుసటి నెల, డేటుకు రెండు రోజుల ముందు, రవళి నీళ్ల సీసా చేతిలో పట్టుకుని వరుసలో నిలబడింది.

"దురద?"

నవ్వింది. "లేదు మేడం. ఒట్టు, నిజంగనే లేదు."

రెండేళ్లలో ఆమె చెప్పిన ఆ మాటను నేను నమ్మి రాసింది ఆ రోజే.