ఒక తప్పు చెప్పు

మా పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళం చాలామందిమే, రాయగలిగినవాళ్ళు తక్కువ. ఎవరైనా పోతే, పదకొండో రోజు పంచే సంస్మరణ కార్డు రాయడానికి అవతలి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ నుంచి తెలుగు మాస్టారు ఫెర్రీలో వచ్చేవారు. కలం తీయకముందే ఒకటే అడిగేవారు: "పోయినోళ్ళలో ఒక తప్పు చెప్పు భయ్యా. తప్పు లేకండా రాస్తే మనిషి కనబడదు."

మా అమ్మ పోయినప్పుడు నేను ఆయన్ని పిలవలేదు. ఫోన్‌లో ఏఐతో రాయించి అచ్చేయించాను. పదకొండో రోజు భోజనానికి వచ్చిన ఆయన చేతిలో కార్డు పెట్టి, "రెండు నిమిషాల్లో అయిపోయింది మాస్టారూ" అన్నాను గొప్పగా.

"సహనమూర్తి" అన్నచోట ఆయన వేలు ఆగింది.

"మీ అమ్మేనేటి ఇది? జెట్టీలో చేపల దీదీతో తగువాడి, ఫెర్రీ ఎల్లిపోయినా తగ్గని మనిషి కదరా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మ ఒక్క క్షణం మా మధ్య నిలబడింది.

"కాగితం ఇయ్యి. రాసిస్తాను, అందరికీ చదివి వినిపించు" అన్నారాయన.

"ఛోడియే మాస్టారూ, వదిలేయండి, ఎవరు వింటారు?" అన్నాను.

ఆయన కలం జేబులో పెట్టుకున్నారు. నేను పంక్తిలో కూర్చున్న అందరికీ కార్డులు పంచాను. వాటిలో మా అమ్మ లేదని తెలిసీ పంచాను.