ఎడ్గర్ పుస్తకంలో బెల్జియం పిట్ట

ఎడ్గర్ హెస్లప్‌కి ఫ్రాన్స్ పిచ్చి. మనిషి మాత్రం ఫ్రాన్స్‌లో ఏనాడూ కాలు పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. అక్కడి తిండి తనకి పడదనేవాడు. వెళ్లాల్సింది ఆయన పావురం. బూర్జ్ అనే ఊళ్లో లారీ తలుపులు తీస్తే అది సముద్రం దాటి, ఇంగ్లండ్ పొడుగునా ఎగిరి, డర్హమ్‌లో మూతబడ్డ మా బొగ్గుగని పక్కన, రైలుకట్ట కింద ఆయన కట్టుకున్న గూట్లో వాలాలి. ఐదొందల యాభై మైళ్లు. ఆ పందెం గెలిచినవాడి పేరు మా క్లబ్బు గోడమీద చెక్కపలకకి ఎక్కుతుంది. నలభై ఏళ్లు పావురాలు పెంచినా ఎడ్గర్ పేరు ఆ పలక మీద లేదు. రెండుసార్లు రెండో స్థానం వచ్చింది. రెండో స్థానానికి పలక లేదు.

నా పేరుంది. అది ఎలా ఎక్కిందో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

క్లబ్బులో అందరం ఆయన్ని పెద్దాయనా అనే పిలుస్తాం. గని నడిచిన రోజుల్లో ఆయన పని షిఫ్టుకి ముందు లోపలికి దిగి, దీపంతో గ్యాసు చూసి, చూసింది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టడం. ఆ సంతకం పడితేనే మేమంతా దిగేవాళ్లం. నేను పద్దెనిమిదేళ్లప్పుడు మొదటిసారి దిగింది ఆయన సంతకం మీదే. గని పోయింది కానీ ఆయనకి ఆ అలవాటు పోలేదు. గూటి తలుపు పక్కన మేకుకి ఒక పుస్తకం వేలాడుతుంది. ఏ పిట్ట వచ్చింది, ఏది పోయింది, ఏది గుడ్డు పెట్టింది, అన్నీ సిరాతో రాయాల్సిందే. పేజీలకి నంబర్లు కూడా వేసుకునేవాడు. ఆయన భార్య డొరీన్ ఆ పుస్తకం మీద ఒంటికాలి మీద లేచేది.

"మన పెళ్లిరోజు ఎప్పుడో చెప్పమను, నోరు తెరవడు. ఆ గళ్ల పెట్ట గుడ్డులోంచి ఎప్పుడొచ్చిందో గంటతో సహా చెప్తాడు," అనేది.

ఆ నీలిగళ్ల పెట్టే ఆయన ప్రాణం. నాలుగేళ్ల వయసుకే దక్షిణ తీరం నుంచి ఎదురుగాలిలో కూడా తడుముకోకుండా ఇంటికొచ్చింది. ఫ్రాన్స్ నుంచి రాగల పిట్ట అది, మా అందరికీ తెలుసు. కానీ అప్పటికి మాకు ఫ్రాన్స్ లేదు. మా దేశం యూరప్‌తో తెగతెంపులు చేసుకున్నాక పావురం సముద్రం దాటాలంటే పశువుల డాక్టరు సంతకం కావాలన్నారు. ఆ తెగతెంపులకి ఓటేసినవాళ్లలో నేనున్నాను, ఎడ్గర్ ఉన్నాడు. మా ఊళ్లో వెయ్యనివాణ్ని వెతకాలి. పావురాల సంగతి ఆ రోజు ఎవడూ ఎత్తలేదు. ఆపైన పక్షులకి జ్వరమంటూ గూళ్లకి వలలు వేయించారు. మూడేళ్లు పోయాయి. నాలుగో ఏడు బూర్జ్ పందెం మళ్లీ పెట్టారు. పెట్టకి ఐదేళ్లు నిండాయి. అంత దూరానికి అదే దాని ఆఖరి అవకాశం. ఎడ్గర్‌కి డెబ్బై ఏడు.

నిబంధనలు రెండు. కొక్కెర తెగులుకి టీకా వేయించాలి. ఆ తెగులుని లోకమంతా పిలిచే పేరు మా పక్క పట్నం న్యూకాసిల్ పేరే, ఆ అప్రతిష్ఠ కూడా మా నెత్తినే ఉంది. రెండోది, పందేనికి ముందు ఇరవై ఒక్క రోజులు ఆ గూట్లోకి బయటి పిట్ట ఏదీ రాకూడదు. వచ్చిందా, ఆ గూటి పిట్టలేవీ కదలకూడదు.

పందెం పిట్టల్ని పంపే బుట్టల్లో పెట్టడానికి పన్నెండు రోజులుందనగా ఒక ఆదివారం పొద్దున నేను ఎడ్గర్ కంచె దగ్గర టీ తాగుతున్నాను. ఆయన గింజల డబ్బా గలగలలాడిస్తే పిట్టలన్నీ దిగుతున్నాయి. వాటి వెనకే ఒకటి కొత్తది, రెక్క వేలాడేసుకుని, రొమ్ముఎముక పొడుచుకొచ్చి, గూటి కప్పు మీద కూలబడింది.

"అదిలించు పెద్దాయనా! చేతిలో గుడ్డ ఉందిగా!" అని అరిచాను.

"దాని కళ్లు చూడు అబ్బాయ్. మూసుకుపోతున్నాయి."

"మూసుకుపోనీ. పక్క తోటలో మూసుకుంటుంది."

ఆయన గుడ్డ ఎత్తలేదు. మా దగ్గర అలసి వాలిన పిట్టని తరిమినవాడు లేడు. ముందు నీళ్లు, తర్వాత గింజలు, తర్వాత కాలి రింగు చూసి సొంతదారుకి కబురు. నాకు నేర్పింది ఆయనే. ఆ పిట్ట నడుచుకుంటూ గూట్లోకి పోయి, గళ్ల పెట్ట పక్కనే, అదే తొట్లో నీళ్లు తాగింది. ఎడ్గర్ దాన్ని పట్టుకుని రింగు చదివి, మేకు మీది పుస్తకం తీసి రాశాడు. తేదీ, టైము, బెల్జియం రింగు నంబరు. రాశాక పెన్ను మూత పెడుతూ తలుపు మీది క్యాలెండరు చూశాడు. ఆయన మొహం నేనెప్పటికీ మర్చిపోను. చెయ్యి అలవాటుగా రాసేసింది, బుద్ధి తర్వాత వచ్చింది.

"చించెయ్," అన్నాను.

"పేజీలకి నంబర్లున్నాయి."

డొరీన్ ఆ పిట్ట సొంతదారు, బెల్జియం ఆయనకి ఫోను చేసింది. అతని కోడలికి కాస్త ఇంగ్లీషు వచ్చు. ఇదివరకైతే అటు పోయే పావురాల లారీలో ఒక డబ్బాలో పెట్టేస్తే మూడు రోజుల్లో ఇల్లు చేరేది. ఇప్పుడు దానికీ డాక్టరు, కాగితాలు, సరిహద్దు దగ్గర పడిగాపులు. సముద్రం మీదుగా ఏ కాగితమూ లేకుండా వచ్చిన పిట్ట, తిరిగి పోవాలంటే మాత్రం కాగితాలు కావాలి. కోడలు మావగారిని అడిగి వచ్చి, దారి తప్పిన పిట్ట మాకెందుకు, మెడ విరిచెయ్యండని చెప్పిందట.

"విరిచెయ్యనా?" అంది డొరీన్. ఎడ్గర్ దాన్ని వేరే అరలో పెట్టి బఠాణీలు వేశాడు.

గూళ్లు చూసి సంతకం పెట్టడానికొచ్చిన పశువుల డాక్టరమ్మ పేరు ఇనేస్. స్పెయిన్ అమ్మాయి. మా పావురాలు బాగున్నాయో లేవో ఫ్రాన్స్‌కి చెప్పడానికి స్పెయిన్ నుంచి మనిషి రావాల్సి వచ్చింది. నేను క్లబ్బు కార్యదర్శిని కాబట్టి ఆమెని గూటి గూటికీ తిప్పాను. ముందు మా గూటికే తీసుకెళ్లాను.

"ఇరవై ఒక్క రోజుల్లో కొత్త పక్షి ఏదైనా వచ్చిందా అండీ?"

"లేదమ్మా," అన్నాను.

వారం కిందట వేలంలో కొన్న జత ఆమె వెనకాలే పై అరలో కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. నా గూటి పుస్తకంలో ఆ పేజీ తెల్లగా ఉంది. ఆ జతని తెచ్చుకోవడానికి వెదురుబుట్ట అరువిచ్చింది ఎడ్గరే. మా నాన్న కాలం నాటి మంచి బుట్ట, జాగ్రత్త అబ్బాయ్, అని కూడా చెప్పాడు. నేనొక్కణ్నే కాదు, ఆ రోజు ఏడు గూళ్లు తిరిగాం, కనీసం నాలుగింట్లో అబద్ధం విన్నాను.

ఎడ్గర్ టై కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ గళ్ల పెట్టని చేతుల్లోకి తీసుకుని రెక్క విప్పి చూసింది. "ఎంత బాగుందండీ," అంది. తర్వాత అదే ప్రశ్న. నేను ఆయన కాలు తొక్కాను. డొరీన్ వెనకనుంచి "లేదని చెప్పవయ్యా మహానుభావా" అని గొణిగింది, అది డాక్టరమ్మకీ వినిపించింది.

ఆ పిల్ల మంచిది. పెన్ను పైకెత్తి, "నేను మళ్లీ అడుగుతాను, హెస్లప్ గారూ. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి," అంది.

ఆయన మేకు మీది పుస్తకం తీసి ఆమె చేతికిచ్చాడు.

"వచ్చిందమ్మా. పేజీ అరవై మూడు."

ఆమె అది చదివింది. సంతకం పెట్టకుండా ఫారం మడిచింది. "నాకు చాలా బాధగా ఉందండీ," అంది.

"నీ తప్పేముంది తల్లీ. నువ్వు చూసింది నువ్వు రాయాలి."

అప్పుడు ఆయన నా వైపు చూశాడు. ఆ క్షణంలో ఆయన ఒక్క మాటంటే చాలు, నా పిట్టలే కాదు, క్లబ్బు లారీయే కదిలేది కాదు. ఆయన పుస్తకం తీసుకుని మళ్లీ మేకుకి తగిలించాడు, అంతే. నాకు సిగ్గు వేసిందని రాయొచ్చు. ఆ రోజు వేసింది సిగ్గు కాదు, గండం గడిచిందన్న సంతోషం.

బూర్జ్‌లో శనివారం తెల్లారి వదిలారు. మర్నాడు పొద్దున ఏడున్నరకి నా ఎర్ర పావురం వాలింది. క్లబ్బులో అదే మొదటిది. ఆ రెండు రోజులూ ఎడ్గర్ తన తోటలో ఉల్లికాడల మళ్లలో కలుపు తీస్తూనే ఉన్నాడు. గళ్ల పెట్ట గూటి కప్పు మీద కూర్చుని ఉంది. దానికేం తెలుసు. తనకి దక్కాల్సిన గాలి అది.

ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో, పిట్ట వాలిన టైము ముద్ర వేసే గడియారాలు విప్పారు. మా దగ్గర ఇంకా పాత గడియారాలే, వాటిని విప్పి టైము చదివేది ఎప్పుడూ ఎడ్గరే. టై కట్టుకునే వచ్చాడు. నా గడియారం విప్పి, కళ్లజోడు సర్దుకుని, సెకన్లతో సహా టైము రాసి, గీత గీశాడు. కాగితం కింద ఇంకొక వరస ఉంటుంది. పావురాలను నిబంధనల ప్రకారమే పంపామని కార్యదర్శి, గడియారం చదివినవాడు, ఇద్దరూ సంతకం పెట్టాలి. నాది అప్పటికే పెట్టేశాను.

ఎడ్గర్ పెన్ను మూత పెట్టి కాగితం నా వైపు జరిపాడు.

"టైము సరిగ్గానే ఉంది అబ్బాయ్. అది నేను చూశాను, రాశాను. కింది వరసలో సంతకం ఇంకెవరిచేతైనా పెట్టించుకో."

అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు, ఎందుకంటే అడిగితే తమ గూళ్లూ బయటపడతాయి. బార్ దగ్గర నుంచి మా క్లబ్బువాడే టెర్రీ వచ్చి, చదవకుండానే గీకేసి పోయాడు. అలా నా పేరు పలకకెక్కింది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎడ్గర్ కూడా ఉన్నాడు. పిట్ట కోసం కొట్టాడు, అది నాకు తెలుసు.

శరదృతువులో ఆయన పావురాలన్నీ తీసేశాడు. గళ్ల పెట్టనీ, బెల్జియం దాన్నీ మాత్రం ఉంచుకున్నాడు. ఆ బెల్జియంది మగదిట, రెండూ జత కట్టాయి. నాకైతే ఆ పిట్టని చూస్తే ఒళ్లు మండుతుంది. సొంతదారే మెడ విరిచెయ్యమన్నది కులాసాగా కూర్చుని కూస్తుంటే, పెద్దాయన దానికి బఠాణీలు వేస్తాడు.

ఒకరోజు ఆయనే మా తోట తలుపు దగ్గరికొచ్చాడు, చేతిలో నేను తిరిగిచ్చిన ఆ వెదురుబుట్టతో. తుడిచి, తోలు పట్టీలకి నూనె రాసి తెచ్చాడు.

"ఉంచుకో అబ్బాయ్."

"వద్దు పెద్దాయనా, అది మీ నాన్నగారిది కదా."

"నాకింక పనేముంది? కొత్త పిట్టలు తెచ్చుకునేది నువ్వేగా," అని చేతిలో పెట్టి, ఉల్లికాడలకి మంచు పడకముందే మట్టి ఎగదొయ్యాలంటూ వెళ్లిపోయాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ బుట్ట మా గూట్లో మేకుకి వేలాడుతోంది. ఈ ఏడూ బూర్జ్ పందెం ఉంది. మొన్న ఇనేస్ వచ్చి అదే ప్రశ్న అడిగింది. ఈసారీ లేదనే చెప్పాను.