దస్తీ వేసిన సీటు

వరంగల్ స్టేడియంలో బంతి గోల్‌లో పడ్డాక, ఆ సంగతి జర్మనీలో, ఎర్లాంగెన్‌లోని మా ఇంటి టీవీకి తీరిగ్గా అర నిమిషం తర్వాత చేరేది. ఇంటర్నెట్‌లో వచ్చే ఆట కదా, అన్ని సముద్రాలూ దాటి రావాలి మరి. ఫోన్ మాత్రం అలా కాదు. స్టేడియంలో కూర్చున్న మా మామ తుమ్మితే నాకు ఆ క్షణంలోనే వినిపించేది. బొమ్మ వెనక, మాట ముందు. ఈ తేడా వల్ల మొదటి మ్యాచ్‌లోనే మా ఇద్దరికీ గొడవయింది. నా టీవీలో బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది, చెవిలో మాత్రం "గోల్!" అని ఆయన కేక, దాని వెనక డప్పులు. నాకు ఒళ్లు మండింది.

"మామా, నువ్విట్లనే ఒర్రితే ఫోన్ పెట్టేస్త. నన్ను చూడనియ్యవా?" అన్నాను.

"ఔ బిడ్డా, నాదే తప్పు," అన్నాడాయన. అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు. అందుకే నా కోపం కూడా ఎక్కువసేపు నిలవలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. కాజీపేటలో రైలింజిన్ నడిపి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు డ్యూటీ లేని ఆదివారం సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని రైల్వే గ్రౌండ్‌కి ఫుట్‌బాల్ చూపించడానికి తీసుకెళ్లేవాడు. ఆడపిల్లకి అదేం పిచ్చి అని అత్తమ్మ సణిగితే, "చూసేటోళ్లు ఆడోళ్లా మొగోళ్లా అని బంతికి ఎరికేనా?" అనేవాడు. ఆయన ఆట గురించి చెప్పే ప్రతి మాటలోనూ రైలు ఉండేది. ఇంజిన్‌లో ఇద్దరుంటారు. ముందు సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే రంగు తిరిగి చెప్పాలి. విన్నది విన్నట్టు అప్పజెబితే కుదరదు. తన కళ్లతో చూసుకున్నాకే నోరు తెరవాలి.

"ఒకడు జూసి, ఇంకొకడు విన్నడనుకో, అది ఒక్కడు జూసినట్టే లెక్క. ఇద్దరు జూస్తెనే బండిల ఇద్దరున్నట్టు," అనేవాడు.

మా గొడవకి ఆ డ్యూటీ పద్ధతే మందయింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఏ పక్క గోల్ పడినా సరే, వెంటనే జేబు మీద అరచెయ్యి అదిమేవాడు. డప్పులు, ఈలలు, ఆయన ఊపిరి అన్నీ బావిలో పడ్డట్టు మూగబోయేవి. ఏదో వస్తోందని నాకు తెలిసిపోయేది. అది మనదా, అవతలివాళ్లదా అన్నది మాత్రం తెలిసేది కాదు. "సిగ్నల్ ఉన్నదని ఎరుకైతది. ఎరుపో ఆకుపచ్చో నువ్వే చూసుకోవాలె," అని ఆయన తీర్పు. నేను చూసి "గోల్!" అని అరిస్తే అప్పుడు చెయ్యి తీసి ఆయన కూడా "గోల్!" అని అరిచేవాడు. అంటే స్టేడియమంతా గోల చేసి, అలిసి, కూర్చున్నాక ఈయనొక్కడే లేచి గంతులేసేవాడన్నమాట. చూసేవాళ్లకి మొదట్లో పిచ్చివాడిలా కనిపించి ఉంటాడు. తర్వాత అందరికీ అలవాటైంది. "సారూ, జేబుల ఉన్న అక్కకు గిట్ల చాయ్ కావాల్నా?" అని చాయ్ అమ్మేవాడు అడగడం నాకిక్కడ వినిపించేది.

ఆ క్లబ్బు నేను జర్మనీ వచ్చిన ఏడాదే పుట్టింది. మా చిన్నప్పుడు రైల్వే గ్రౌండ్ తప్ప దిక్కులేని ఊరికి పసుపు చొక్కాల సొంత జట్టు వచ్చింది. ఆ గ్రౌండ్‌లోనే ఆడి పెరిగిన ఎడమకాలి ఆటగాడు ఒకతను అందులో ఉన్నాడు. బంతిని గీత పక్కనుంచి తీసుకెళ్లి చటుక్కున లోపలికి తిప్పేవాడు. అతని కాలికి బంతి అందితే చాలు, మామ మాట్లాడ్డం మానేసేవాడు. దేశంలోని పెద్ద క్లబ్బుల ముందు మాది ఏ మూలకీ చాలదు. పేపర్లో వేలెడంత వార్త వస్తే గొప్ప. అయినా మాది మాదే. మామ పంపిన పసుపు చొక్కా వేసుకుని నేను ఎర్లాంగెన్‌లో సైకిల్ మీద ఆఫీసుకి వెళ్తుంటే, అది ఇక్కడి ఏదో క్లబ్బు రంగనుకుని ఒకాయన దారిలో నా మీద విసుక్కున్నాడు. తిట్టు తిన్నా నాకు గర్వంగానే అనిపించింది.

మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారాలు. అక్కడ సాయంత్రం, ఇక్కడ మధ్యాహ్నం. ఆదివారం ఈ దేశంలో ఖాళీ సీసాలు డబ్బాలో వేసినా చప్పుడవుతోందని కసురుకుంటారు. అలాంటి చోట నేను గోల్ అని అరిచేదాన్ని. మొదటిసారి కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ పరుగున మెట్లెక్కి వచ్చింది, నన్నెవరో పొడిచేస్తున్నారని. విషయం చెబితే గుమ్మంలో నిలబడే గోల్ మళ్లీ చూపించమంది. ఆవిడ పుట్టిన ఊళ్లో చిన్న క్లబ్బు ఉందట, చిన్నప్పటినుంచీ అందులో మెంబరట. అప్పట్నుంచి మెట్ల మీద కనబడితే వాతావరణం బదులు స్కోరు అడిగేది.

ఇన్నేళ్లలో మా క్లబ్బు ఆటని నేను ఒక్కసారి కూడా స్టేడియంలో కూర్చుని చూడలేదు. నేను ఇంటికి వెళ్లేది పెళ్లిళ్లకీ పేరంటాలకీ. అవన్నీ ఎండాకాలంలోనే వచ్చేవి, ఆటలుండేవి కావు. మామ మాత్రం ప్రతి మ్యాచ్‌కీ తన పక్క సీటు మీద చెమట తుడుచుకునే దస్తీ వేసేవాడు, బస్సులో సీటు ఆపినట్టు. ఎవరైనా కూర్చోబోతే "మా కోడలొస్తది" అనేవాడు. ఎప్పుడని అడిగితే "తొవ్వల ఉన్నది" అనేవాడు, నేను దారిలోనే ఉన్నట్టు. ఆ మాట జేబులోంచి విని నేను నవ్వేదాన్ని. ఫోన్ పెట్టేశాక మాత్రం కాసేపు ఏ పనీ చేయబుద్ధి అయ్యేది కాదు.

చివరికి ఒక ఏడు పట్టుబట్టాను. వచ్చే సీజన్‌లో మా ఊళ్లో జరిగే మొదటి మ్యాచ్‌కి వెళ్లాలని ఆఫీసులో సెలవు అడిగాను. ఇక్కడ సెలవుని ఉర్లౌబ్ అంటారు. మామ ఆ మాట నేర్చుకుని రోజూ ప్రాణం తీశాడు. "నీ ఉర్లౌబ్ ఏమాయె? సంతకం పెట్టిండా లేదా నీ సారు?" సెలవు దొరికింది. విమానం టికెట్టూ కొనేశాను. నాకు కావలసింది ఒక్కటే. ఒక్క గోల్ మేమిద్దరం ఒకేసారి చూడాలి. ఎవరూ ఎవరికోసం ఆగకుండా ఒక్కసారే అరవాలి. ఆ మాట చెబితే మామ, "గట్లయితే నా గొంతుకు అప్పటిదాంక ఉప్పునీళ్లు పుక్కిలించుకుంట," అన్నాడు. అత్తమ్మ వెనకనుంచి, "కూసే గాడిద మేసే గాడిదను చెడగొట్టిందట," అంది. మాలో కూసేదెవరో మేసేదెవరో ఇప్పటికీ తేలలేదు.

అప్పుడు నడుస్తున్న సీజన్‌లో మా ఊరి చివరి మ్యాచ్ రోజున ఎర్లాంగెన్‌లో మంచి ఎండ. కిటికీ తెరిచి పెట్టుకున్నాను. ఆట చప్పగా సాగుతోంది, ఎవరూ గోల్ వెయ్యలేదు. సగం దాటాక ఫోన్ ఒక్కసారిగా మూగబోయింది. నేను దిగ్గున లేచి నిలబడ్డాను. ఎరుపో ఆకుపచ్చో! కళ్లార్పకుండా టీవీ చూస్తున్నాను. బంతి మధ్యలోనే తిరుగుతోంది. పక్కకి పోయింది. మళ్లీ లోపలికి విసిరారు. అర నిమిషం దాటిపోయింది. ఏమీ రాలేదు. ఫోన్ ఇంకా మూగగానే ఉంది.

"మామా?" అన్నాను. రెండుసార్లు పిలిచాక చప్పుళ్లు తిరిగొచ్చాయి.

"ఏం లేదు బిడ్డా. చెమట తుడుసుకున్న."

"సిగ్నల్ లేకుంట బండి ఆపినవేంది మామా?" అని ఆటపట్టించాను.

ఆయన నవ్వాడు. ఫోన్‌లో ఆలస్యమేమీ ఉండదు, అయినా ఆ నవ్వు చాలా ఆలస్యంగా వచ్చింది. నేను అది పట్టించుకోలేదు. ఆట గోల్ లేకుండానే ముగిసింది.

కొన్నాళ్లకి ఆఫీసు క్యాంటీన్‌లో పళ్లెం చేత్తో పట్టుకుని వరసలో నిలబడి ఉండగా ఫోన్‌లో క్లబ్బు ప్రకటన కనబడింది. జట్టుని కొత్త యజమానులు కొన్నారట. ఇకమీదట సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద నగరంలో ఆడుతుందట. పేరు మారుతుంది, చొక్కా రంగు మారుతుంది. ఇన్నాళ్ల మా ప్రేమకి కృతజ్ఞతలట. చివర ఒక పసుపు గుండె బొమ్మ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరికి ఊరునే వదిలేసి పోతూ గుండె బొమ్మ పెడతారా? పళ్లెం అక్కడే వదిలేసి మెట్ల దగ్గరికి వెళ్లి మామకి ఫోన్ చేశాను.

"మామా, చూసినవా?"

"చూసిన."

"ఎప్పుడు?"

"ఆఖరు మ్యాచ్ నాడే ఎరుకైంది. వెనక వరుసాయన వంగి చెవుల జెప్పిండు. అమ్మేసిన్రు సారూ, మనకు గిదే ఆఖరు అని. నువ్వు జేబులనే ఉంటివి. ఇనబడ్తదని చెయ్యి అడ్డం పెట్టిన."

"మరి నాకెందుకు చెప్పలే? నేను టికెట్ కొన్న, ఉర్లౌబ్ పెట్టిన, రోజు నీకు ఫోన్ చేసి అదే ముచ్చట చెప్తి. అన్నీ ఇనుకుంట ఊకున్నవా?"

"నువ్వింకా చూడలే గదా బిడ్డా," అన్నాడు.

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ మెట్ల మీదే కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చాను. మనిషి పోతే ఏడవడానికి ఒక పద్ధతుంది, పలకరించడానికి నలుగురు వస్తారు. ఫుట్‌బాల్ జట్టు పోయిందని ఏడిస్తే ఎవరికి చెప్పుకోను?

చెప్పుకున్నది కింది ఫ్లాట్ పెద్దావిడకే. ఈమధ్య ఆదివారాలు మీ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందేమని ఆవిడే అడిగింది. సంగతి విని ఆవిడకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. వాళ్ల ఊళ్లో క్లబ్బుని ఫెరైన్ అంటారు. ఏం చేయాలన్నా మెంబర్లంతా కూడి చేతులెత్తాలి. కొత్త షెడ్డు వేయడానికే ఒకసారి సాయంత్రమంతా పోట్లాడుకున్నారట.

"మరి మీ మెంబర్లు ఎలా ఒప్పుకున్నారు?" అంది.

"మాకు మెంబర్లు లేరండీ. యజమానులుంటారు."

ఆవిడ అయోమయంగా చూసింది. "అయితే మీరూ మీ మామయ్యా ఎవరు మరి?"

ఆవిడ నన్ను నొప్పించాలని అనలేదు. నిజంగా అర్థంకాకే అడిగింది.

సెలవు వదులుకోలేక వెళ్లాను. మామ కాజీపేట స్టేషన్‌కి వచ్చాడు. పైకి బాగానే ఉన్నాడు, కబుర్లు చెప్పాడు. స్టేడియం చూసొద్దామా, వాచ్‌మన్ తెలిసినోడే, లోపలికి పంపుతాడు అన్నాడు. వద్దన్నాను. శవాన్ని చూడ్డానికి అంత దూరంనుంచి రాలేదు నేను. అలా అనేశాక ఆయన మొహం చూసి ఇంకోలా చెప్పాల్సింది అనుకున్నాను.

నేను స్టేడియంలో మ్యాచ్ చూడాలనుకున్న ఆ రోజునే ఆ జట్టు తన కొత్త ఊళ్లో ఆడింది. పొద్దున్నుంచి ఇద్దరం ఆ ఊసెత్తలేదు. పొద్దుగూకే వేళకి అత్తమ్మే విసుగ్గా, "పెట్టుకోన్రి, చూసి సావున్రి," అని రిమోట్ తెచ్చి మామ చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. నేను హాల్లోకి వచ్చేసరికి సోఫాలో మామ పక్కన దస్తీ వేసి ఉంది. తీసి, మడిచి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నీలం చొక్కాల్లో వాళ్లు ఎవరెవరో వెంటనే ఆనవాలు పట్టలేకపోయాం. పరాయి పెళ్లికి వచ్చినట్టు చూస్తున్నాం. కాసేపటికి గీత పక్కనుంచి ఒకతను బంతి తీసుకుని వెళ్తుంటే, ఆ నడక చూసి మామ ముందుకి జరిగాడు. మా రైల్వే గ్రౌండ్ ఎడమకాలే. చటుక్కున లోపలికి తిప్పాడు, కొట్టాడు. గోల్.

ఇద్దరం ఒకే క్షణంలో చూశాం. అన్నేళ్లుగా నేను కోరుకున్నది అదే. అరవబోయి ఆగాను. అది ఎరుపో ఆకుపచ్చో నాకు తెలియలేదు. మామ వైపు తిరిగాను. ఆయన చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. గట్టిగా అదిమి, ఊపిరి బిగబట్టి, నేను చూసేదాకా ఆగుతున్నాడు.

"మామా, నేను ఈడనే ఉన్న," అన్నాను.

ఆయన కిందికి చూసుకున్నాడు. జేబులో ఫోన్ లేదు. టీవీ పక్కన ఛార్జింగ్‌లో ఉంది.

"ఔ గదా," అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

టీవీలో ఆ ఊరివాళ్లు అరుస్తూనే ఉన్నారు. మా ఇద్దరిలో ఎవరమూ గోల్ అనలేదు.