ఇసుక గాలిలో నాయన కనపడలేదు

చిత్తూరు డిపోలో బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక నాయన ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాడు. తిరుపతిలో నేను ఆదివారాలు సైకిల్ బృందంతో తిరగడం చూసి తనూ గేర్ల సైకిల్ కొన్నాడు. బృందం థార్ ఎడారి యాత్ర అనుకోగానే అందరికంటే ముందు పేరిచ్చింది ఆయనే. గుండెకు స్టెంటు వేసిన మనిషి. డాక్టరు సరేనన్నా నా మనసు మాత్రం ఒప్పుకోలేదు.

చెన్నై నుంచి రైల్లో జోధ్‌పూర్, అక్కడినుంచి జైసల్మేర్ చేరాం. రెండో రోజు రామ్‌గఢ్ దాకా అరవై అయిదు కిలోమీటర్లు తొక్కాలి. ఎనిమిది మందిమి, సామాన్లకు వెనకాల ఒక జీపు. ఆరింటికి బయలుదేరి, సగం దారిలో రోడ్డు పక్క దాబా హోటల్ దగ్గర ఆగి సజ్జ రొట్టె, పెరుగు తిన్నాం. మనిషికి ఎనభై రూపాయలయింది. నాయన సీసాల్లో నీళ్లు నింపుకొని లేచాడు.

“నిదానంగా పో నాయనా, ఎండ జాస్తిగా ఉండాది” అన్నాను.

“మీరు మెల్లగా రాండి పాపా, నేను ముందర పోతా ఉంటా.”

మేము బయలుదేరిన కాసేపటికే పడమటి ఆకాశం మట్టిరంగుకు తిరిగింది. జీపు డ్రైవరు హారన్ కొట్టి అందరినీ ఆపాడు. జీపు చాటున కూర్చోమనీ, కదలొద్దనీ హిందీలో గట్టిగా చెప్పాడు. ఫోన్లో సిగ్నల్ లేదు. నాయన ఒక్కడే ముందున్నాడు. నేను ఆగలేకపోయాను. మూతికి చున్నీ కట్టుకొని, రోడ్డు అంచు పట్టుకొని నడిచాను. చాచిన చెయ్యి కూడా కనపడలేదు. “నాయనా!” అని అరిస్తే నోటినిండా ఇసుక. వెనకనుంచి ఒక లారీ ఒంటికి ఆనుకున్నంత దగ్గరగా దూసుకుపోయింది. ఆ విసురుకు పక్కకు పడ్డాను. లేచి ఇంకాస్త నడిస్తే కాలికి ఏదో తగిలింది. నాయన సైకిల్. పక్కన మనిషి లేడు.

చేతులతో ఇసుకంతా తడిమాను. అమ్మకు ఏమని చెప్పాలో తెలియలేదు. సైకిల్ పట్టుకొని అక్కడే కూర్చున్నాను.

గాలి తగ్గాక జీపు వచ్చింది. ముందు సీట్లోంచి నాయన దిగాడు. కనురెప్పల నిండా దుమ్ము.

“యాడికి పోయినావు పాపా? సైకిలు ఆడనే పడేసి నీ కోసరం జీపు కాడికి నడిచొచ్చినాను. ఆడ నువ్వు లేవు. నా ప్రాణం పోయినట్టయినాది!”

రోడ్డుకు ఆ పక్క ఆయన, ఈ పక్క నేను, ఒకరినొకరు దాటుకొని పోయామన్నమాట.

“నొప్పేమన్నా ఉండాదా నాయనా?”

“లేదమ్మా. బయం. అంతే” అన్నాడు. నా మొహం మీది ఇసుక తుడిచాడు.

మిగతా దారి ఇద్దరం జీపులోనే పోయాం. మర్నాడు మళ్లీ సైకిలెక్కాం, కానీ పక్కపక్కనే తొక్కాం. ఇప్పటికీ నన్ను భయపెట్టేది ఆ ఇసుక కాదు. నాకోసం ఆయన, ఆయనకోసం నేను, లారీలు తిరిగే ఒకే దారిన కళ్లు కనపడకుండా నడిచాం.

మీరూ ఎడారి యాత్రకు వెళ్తుంటే, బయలుదేరే ముందే అందరూ ఒక మాట అనుకోండి. ఇసుక గాలి లేస్తే రోడ్డు దిగి దూరంగా, గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. ఎంత కావలసిన మనిషి కనపడకపోయినా, గాలి తగ్గేదాకా వెతుక్కుంటూ ఎవరూ లేవకూడదు.